హుల్సూరు చెప్పు లెక్క

"వెనుకబడిన ప్రాంతము" అను మాట శాసనసభలలోను, బడ్జెటు ఉపన్యాసములలోను, ఎన్నికల సభలలోను నిత్యము వినవచ్చుచున్నది. విని విని మన చెవులకది యలవాటైపోయినది. ఏది వెనుకబడినది, దేనికంటె వెనుకబడినది, ఎవరు కొలిచిరి, ఏ కొలతతో కొలిచిరి యను ప్రశ్నలు మాత్రము అరుదుగా వినవచ్చుచున్నవి. కొలత సరికానిచో కోట్లకొలది ధనము వ్యయించినను అది చేరవలసిన చోటికి చేరదని మా యభిప్రాయము. దీనిని సమర్థించుటకు బహుదూరము పోనక్కరలేదు. హైదరాబాదునుండి వాయవ్యముగా పోయి, బీదరు దాటి, మహారాష్ట్ర సరిహద్దును సమీపించినచో హుల్సూరు అను చిన్న పట్టణము కానవచ్చును. దాని కథలో మనకును, మన పొరుగువారికిని పనికివచ్చు పాఠము కలదు.

హుల్సూరు నేడు కర్ణాటక రాష్ట్రమున బీదరు జిల్లాలో నొక తాలూకా కేంద్రము. 2018 వరకు అది బసవకల్యాణము తాలూకాలో చేరియుండెను. బసవకల్యాణమనగా పూర్వము పశ్చిమ చాళుక్యుల రాజధాని యైన కల్యాణమే. పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుడు నివసించిన ఆ పట్టణము, పాల్కురికి సోమనాథుని బసవపురాణము మూలమున తెలుగువారికి చిరపరిచితము. బీదరు పదునైదవ శతాబ్దమున బహమనీ సుల్తానుల రాజధాని. మహమూద్ గవాను 1472లో కట్టించిన విద్యాలయపు గోడలు నేటికిని అచట నిలిచియున్నవి. రెండు పూర్వ రాజధానుల పొరుగున నున్న యీ నేల ఇరువదియొకటవ శతాబ్దమున "మిక్కిలి వెనుకబడిన" తాలూకాల పట్టికలో నెక్కినది. ఏ ప్రాంతమును పుట్టుకతోనే వెనుకబడి యుండదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు. వెనుకబాటు నీటివలె పల్లమునకు దానంతటది చేరునది కాదు. అధికారము ఎచట కూర్చుండునో, ధనము ఎచట వెచ్చింపబడునో దానినిబట్టి అది యేర్పడుచుండును.

1956 అక్టోబరు 31 వరకు హుల్సూరు వారును, మనమును ఒకే రాష్ట్రమువారము. మఱునాడు రాష్ట్రముల పునర్విభజన శాసనము అమలులోనికి వచ్చెను. హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలయ్యెను. బీదరు జిల్లా యొక్కటియే మూడు రాష్ట్రములకు పంచిపెట్టబడెను. అహమ్మదుపూరు, నీలంగా, ఉదగీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయెను. జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలును, న్యాల్‌కల్ ప్రాంతమును మెదకు జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. జహీరాబాదు తాలూకాలోని నిర్ణా భాగమును, బీదరు, భాల్కి, హుమ్నాబాదు, బసవకల్యాణము, ఔరాదు ప్రాంతములును మైసూరు రాష్ట్రమునకు దక్కెను. భాషను ప్రమాణముగ గొని చేసిన యీ విభజనను మేము తప్పుపట్టము. ప్రజల భాషలో పరిపాలన జరుగవలెనను కోరిక న్యాయమైనది. అయినను భాషాప్రాతిపదికపై గీత గీచినవారు, ఆ గీతకు ఇరుప్రక్కల నున్న ఊళ్లు ఏ బజారుకు పోవుచుండెనో, ఏ ఏటినీరు త్రాగుచుండెనో, ఏ రైలెక్కుచుండెనో అను విచారము అంతగా చేసినట్లు కానరాదు.

విభజనకు పూర్వము ఆ ప్రాంతము సుభిక్షముగ నుండెనని మేము వాదించుట లేదు. నిజాము ప్రభుత్వము మంజీరా నదిపై నిర్మించిన నిజాంసాగరము 1931 నాటికి పూర్తియయ్యెను. దాని నీటితో నిజామాబాదు మండలము చెఱకు పండించెను. 1937లో బోధనులో నిజాము చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. అదే మంజీరా బీదరు జిల్లాలో ముందుగా ప్రవహించును. ఆ జిల్లా నల్లరేగడి పొలములకు మాత్రము వానయే దిక్కయ్యెను. కంది, జొన్న, పెసర, మినుములు వేసి, మబ్బు వైపు చూచుచు రైతు కాలము గడుపుచుండెను. ఒకే సంస్థానమున, ఒకే నదీతీరమున, ఒక జిల్లాకు నీరును మఱియొక జిల్లాకు నిరీక్షణయు లభించెను. జిల్లాల నడుమ అసమానత భాషా రాష్ట్రములతో పుట్టినది కాదని యిందువలన స్పష్టమగుచున్నది. భాషా రాష్ట్రములు ఆ యసమానతను వారసత్వముగ పొందెను. వారసత్వపు ఋణమును తీర్చిరా లేదా యన్నదియే విచారణీయాంశము.

1956 తరువాత బీదరు జిల్లావారి రాజధాని బెంగుళూరు. అది సుమారు 700 కిలోమీటర్ల దూరమున నున్నది. హైదరాబాదు దానిలో అయిదవ వంతు దూరమున నున్నను పరరాష్ట్రపు రాజధాని యయ్యెను. రైలుమార్గముల సంగతి మఱింత విచిత్రము. వికారాబాదునుండి బీదరునకు రైలు నిజాము కాలముననే వేయబడెను. కాని బీదరునుండి తన సొంత డివిజను కేంద్రమైన గుల్బర్గాకు, అనగా నేటి కలబురగికి, నేరుగా రైలు లేకపోయెను. ఒక కర్ణాటక పట్టణమునుండి మఱియొక కర్ణాటక పట్టణమునకు రైలులో పోదలచినవాడు తెలుగు దేశములోని వికారాబాదునకు వచ్చి, అచట బండి మారి, చుట్టు తిరిగి పోవలసివచ్చెను. సుమారు 110 కిలోమీటర్ల పొడవుగల బీదరు–కలబురగి మార్గము 2017 అక్టోబరు 29న ప్రారంభమయ్యెను. విభజన జరిగిన అరువదియొక్క యేండ్లకు గాని పాత గీతను దాటు పట్టాలు పడలేదన్నమాట. రాజధానికి చేరువనున్న జిల్లాలలో ఇట్టి లోపమును అరువది యేండ్లు ఏ ప్రభుత్వమైనను సహించియుండునా?

విమానాశ్రయపు కథ మన నగరమునకే సంబంధించినది. బీదరులో భారత వైమానిక దళమువారి స్థావరము చిరకాలమునుండి యున్నది. అచట పౌరవిమానములకు వసతి కల్పింప తలపెట్టినప్పుడు శంషాబాదు విమానాశ్రయపు ఒప్పందము అడ్డుతగిలెను. దానికి 150 కిలోమీటర్ల లోపల మఱియొక విమానాశ్రయము రాకూడదను నియమము ఆ యొప్పందములో కలదు. హైదరాబాదునకు కావలసిన సదుపాయమును సంపాదించుకొనుటకు వ్రాసుకొన్న ఆ నియమము బీదరును, మన వరంగల్లును ఒకే త్రాటితో కట్టివేసెను. ఎట్టకేలకు 2020 ఫిబ్రవరిలో బీదరునుండి బెంగుళూరునకు పౌరవిమానము ఎగిరెను. వరంగల్లు మామునూరు విమానాశ్రయమునకు అడ్డు తొలగినది 2025లో మాత్రమే. ఒప్పందము వ్రాసినవారు దుర్బుద్ధితో వ్రాసిరని మేమనము. రాజధాని తన మేలును తాను చూచుకొనుచున్నప్పుడు పరిసర జిల్లాలు అందులో ఎట్లు చిక్కుకొనునో చూపుటకే యీ దృష్టాంతము.

ఇక న్యాయశాస్త్రపు వైపునకు వత్తము. మన పాఠకులలో పలువురు వకీళ్లును, ఉద్యోగులును అగుటచే దీనిని గుర్తించుట సులభము. హైదరాబాదు రాష్ట్రపు మూడు ముక్కలకును, మూడు వేర్వేఱు కాలములలో, రాజ్యాంగపు 371వ అధికరణము క్రింద ప్రత్యేక రక్షణలు కల్పింపవలసి వచ్చెను. మరాఠ్వాడకు 371(2), తెలంగాణమునకు 1973లో 32వ సవరణము ద్వారా 371-డి, హైదరాబాదు కర్ణాటకమునకు 98వ సవరణము ద్వారా 371-జె. ఈ చివరిది 2013లో అమలులోనికి వచ్చెను. ఒకే తల్లి బిడ్డలు మూడిండ్లకు దత్తు పోయి, మూడిండ్లలోను వేరు పంక్తిలో కూర్చుండిరని దీని తాత్పర్యము. మూడు భాషలు, మూడు రాజధానులు, మూడు రాజకీయములు. వ్యాధి మాత్ర మొక్కటియే.

మందులు మాత్రము వేర్వేఱు. మరాఠ్వాడకు చెందిన 371(2) అభివృద్ధి మండలిని, నిధుల న్యాయమైన పంపిణీని ప్రసాదించుచున్నది. అందుకనుగుణముగ 1994లో మండళ్లు స్థాపింపబడెను. 2020 ఏప్రిల్ 30తో వాని గడువు ముగిసెను. తెలంగాణమున కుద్దేశించిన 371-డి ఉద్యోగములను, విద్యను గూర్చి మాత్రమే మాటలాడును. నీటిని గూర్చి, నిధులను గూర్చి మౌనము వహించును. 1956 ఫిబ్రవరి 20నాటి పెద్దమనుషుల ఒప్పందమునందు మిగులు నిధుల ప్రసక్తి యుండగా, రాజ్యాంగములో చేరినది ఉద్యోగముల భాగమే. అంతకు పూర్వము 1937లో మద్రాసునందు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గృహమున కుదిరిన శ్రీబాగు ఒడంబడికలో రాయలసీమకు నీటివిషయమున ప్రాధాన్యము వాగ్దానము చేయబడెను. శాసనబలము దానికి లేకపోయెను. 371-జె ఈ యనుభవములన్నిటి తరువాత వచ్చినదగుటచే మండలి, నిధులు, విద్య, ఉద్యోగము అను నాలుగింటిని ఒకచోట చేర్చినది. వ్రాతలో ఇది మూడింటిలో ఉత్తమము.

అయినను ఆ వ్రాతలో రెండు మాటలు కలవు. వానిని న్యాయవాది విడిచిపెట్టడు. నిధుల పంపిణీ "రాష్ట్రము యొక్క మొత్తము అవసరములకు లోబడి" జరుగవలెనని యందున్నది. అనగా రాజధాని తన అవసరమును ముందు చెప్పుకొనుటకు తలుపు తెరచియే యున్నది. రెండవది, అభివృద్ధి మండలి పనిని గూర్చిన నివేదిక యేటేట శాసనసభ ముందుంచవలెనని యున్నది. ఆ నివేదికలో ఏ తాలూకాకు ఎంత ముట్టినది, దానివలన ఏమి మారినది యను లెక్క యుండవలెనని మాత్రము అందు లేదు. చట్టము హక్కునిచ్చినది, కొలబద్ద నీయలేదు. కల్యాణ కర్ణాటక ప్రాంతీయాభివృద్ధి మండలికి 2023-24 బడ్జెటులో 5,000 కోట్ల రూపాయలు ప్రకటింపబడెను. ఇది స్వల్పమైన మొత్తము కాదు. కొలబద్ద లేనిచో పెద్ద మొత్తములే త్వరగా కరగిపోవును.

ఆ కొలబద్ద కర్ణాటకమున లేకపోలేదు. 2000లో ఆ రాష్ట్ర ప్రభుత్వము ప్రముఖ అర్థశాస్త్రజ్ఞులు డాక్టరు డి.ఎం. నంజుండప్పగారి అధ్యక్షతన ఒక ఉన్నతాధికార సంఘమును నియమించెను. 2002లో నివేదిక వెలువడెను. జిల్లాల సగటులతో తృప్తిపడక ఆ సంఘము తాలూకాను కొలతకు ప్రమాణముగ తీసికొనెను. సేద్యము, పరిశ్రమ, రోడ్లు, విద్య, వైద్యము మున్నగు విషయములలో 35 సూచికలను గైకొని, రాష్ట్రపు సగటును ఒకటిగా నుంచి, 175 తాలూకాలను తూచెను. 114 తాలూకాలు సగటునకు దిగువను తేలెను. వానిలో 39 మిక్కిలి వెనుకబడినవి. ఆ 39లో 21 ఒక్క గుల్బర్గా డివిజనులోనివే. ఆ డివిజనులో నున్నవి అంతయు 31 తాలూకాలు. బీదరు జిల్లాలోని అయిదు తాలూకాలలో బసవకల్యాణము, భాల్కి, హుమ్నాబాదు, ఔరాదు అను నాలుగును ఆ పట్టికలో చేరెను. జిల్లా కేంద్రమున్న బీదరు తాలూకా యొక్కటియే ఆ యట్టడుగు వరుసను తప్పించుకొనెను. కేంద్రమున్న చోటు కొంత మేలు, కేంద్రము లేనిచోటు మఱింత కీడు అను సూత్రము రాజధానికే కాదు, జిల్లా కేంద్రమునకును వర్తించునని యీ పట్టిక చెప్పుచున్నది.

సగటు ఎట్లు మోసగించునో మఱియొక లెక్కతో చూతము. 2011 జనాభా లెక్కలలో బీదరు జిల్లా అక్షరాస్యత నూటికి 70.5. కర్ణాటక రాష్ట్రమునకది 75.4. వ్యత్యాసము అయిదు పాళ్లు మాత్రమే. అదే డివిజనులో రాయచూరు 59.6 వద్దను, యాదగిరి 51.8 వద్దను నిలిచిపోయెను. ఈ యొక్క లెక్కనే చూచువాడు బీదరు చక్కగానే యున్నదని నిశ్చయించును. కాని అక్షరము నేర్చినవానికి జిల్లాలో పని దొరకునా? పంటకు నీరు కలదా? ఆసుపత్రికి వైద్యుడు వచ్చునా? అక్షరాస్యత పెరిగి ఆదాయము పెరుగనిచోట చదివిన కుఱ్ఱవాడు మొదట చేయుపని బస్సెక్కుటయే. బీదరు బిడ్డడు బెంగుళూరునకో, పుణేకో, మన హైదరాబాదునకో పోవును. జిల్లా సొమ్ముతో చదివినవాని శ్రమఫలము రాజధాని లెక్కలో జమయగును. ముసలి తలిదండ్రులు మాత్రము జిల్లా లెక్కలో మిగులుదురు.

2018లో కర్ణాటకమున క్రొత్త తాలూకాలు ఏర్పడినప్పుడు బీదరు జిల్లాకు మూడు దక్కెను: హుల్సూరు, కమలనగరము, చిటగుప్ప. అయిదు తాలూకాల జిల్లా ఎనిమిది తాలూకాల దయ్యెను. స్థానికుల చిరకాల వాంఛ యీడేరెను. దీనిని మేము తేలికగా చూడము. పహణీ నకలుకై, కులధ్రువపత్రమునకై, వృద్ధాప్య పింఛనుకై కూలి పోగొట్టుకొని పొరుగు పట్టణమునకు పోవు బీదవానికి తహశీల్దారు కచేరి దగ్గఱకు వచ్చుట గొప్ప మేలు. అయితే కచేరి వచ్చుట వేఱు, కల్యాణము వచ్చుట వేఱు. తాలూకా అను పేరుతోపాటు ఆసుపత్రి, కళాశాల, న్యాయస్థానము, ధాన్యపు బజారు, వాని కన్నిటికిని మనుషులును రావలెను. ముద్ర వచ్చి మనుషులు రాకపోయినచో క్రొత్త తాలూకా పాత తాలూకాకు ప్రతిబింబ మాత్రమగును. హుల్సూరు ప్రక్కగా బసవకల్యాణమును, హుమ్నాబాదును తాకుచు హైదరాబాదు–పుణే రాజబాట పోవుచున్నది. ఆ బాటమీదలేని ఊరు, బాటమీది ఊరితో సమానమగుటకు కచేరిబోర్డు చాలదు.

ఇది పొరుగువారి తగవని మన పాఠకులు భావింపరాదు. మన యింటి లెక్కయు ఇట్లే యున్నది. 2006-07లో కేంద్ర ప్రభుత్వము వెనుకబడిన ప్రాంతముల నిధిని నెలకొల్పి దేశమున 250 జిల్లాలను ఎంపికచేసెను. బీదరు అందు కలదు. నాటి తెలంగాణములోని పది జిల్లాలలో హైదరాబాదు తప్ప తొమ్మిదియు అందు కలవు. ఆ తొమ్మిదింటిలో రంగారెడ్డి జిల్లా యొకటి. హైటెక్ సిటీ యున్న శేరిలింగంపల్లి మండలము ఆ జిల్లాలోనిదే! అద్దాల మేడలున్న జిల్లా వెనుకబడిన జిల్లాల పట్టికలో నుండుట చూచి కొందఱు నవ్వియుందురు. కాని ఆ జిల్లాకు పశ్చిమభాగమున వికారాబాదు, తాండూరు, పరిగి ప్రాంతములు కలవు. ఆ నేల వెనుకబాటు నిజమే. ఆ మేడల వైభవమును నిజమే. రెండింటిని కలిపి తీసిన సగటు మాత్రమే అబద్ధము.

2016 అక్టోబరు 11న తెలంగాణము పది జిల్లాలను 31గ విభజించెను. 2019లో అవి 33 అయ్యెను. వికారాబాదు వేఱు జిల్లా యయ్యెను. అంతట సగటు తెర తొలగెను. తలసరి ఆదాయమున రంగారెడ్డి రాష్ట్రమునకు శిరస్సున నిలువగా, దాని నిన్నటి భాగమైన వికారాబాదు కొన్ని సంవత్సరముల లెక్కలలో పాదముల వద్ద కానవచ్చెను. పదేండ్లకు పూర్వము ఒకే కలెక్టరు క్రింద నున్న రెండు నేలల తారతమ్యమిది. చిన్న జిల్లాలవలన ఇంకేమి మేలు కలిగినను కలుగకున్నను, నిజము బయటపడుట యొక మేలే. ఆంధ్రప్రదేశమును 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలను 26 చేసెను. ఉత్తరాంధ్రపు మన్యమును, రాయలసీమ మెట్టభూములను వానివాని పేరిట చూచుటకు అచటను అవకాశము కలిగెను. చూచినదానిపై చేయుపనియే తరువాయి.

బీదరునుండి మనకు వచ్చిన జహీరాబాదు, నారాయణఖేడుల కథ యీ వాదమునకు మఱింత బలమిచ్చును. రెండును ఒకేనాడు, ఒకే జిల్లానుండి, ఒకే జిల్లాకు వచ్చెను. జహీరాబాదు రాజబాటపై నున్నది, అచట ట్రాక్టర్ల కర్మాగారము వెలసెను, చెఱకు పండెను. నారాయణఖేడు ప్రక్కదారిలో నుండిపోయి, వలసకూలీలను హైదరాబాదునకు పంపు ప్రాంతముగ పేరొందెను. భాష మారలేదు, రాష్ట్రము మారలేదు, జిల్లా మారలేదు. బాటయు, పెట్టుబడియు మాత్రమే వేఱు. కనుక పరాయి పాలనయే వెనుకబాటునకు ఏకైక కారణమను వాదము నిలువదు. సొంత పాలనలోను ప్రక్కదారి ప్రక్కదారిగనే యుండిపోవచ్చును.

రాజధాని వాసులమైన మనము ఈ జిల్లాలకు ఋణపడియున్నామని చెప్పిన అతిశయోక్తి కాదు. మంజీరా బీడు జిల్లాలోని బాలాఘాటు కొండలలో పుట్టి, లాతూరు, బీదరు జిల్లాల మీదుగా మెదకుసీమకు వచ్చి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. 1960ల నుండి ఆ నీరు హైదరాబాదు దాహము తీర్చినది. తరువాత కట్టిన సింగూరు జలాశయము 30 టీఎంసీల పరిమాణము గలది. నగరపు త్రాగునీరు దాని ముఖ్యోద్దేశము. సింగూరు నిండినకొలదియు దిగువనున్న నిజాంసాగరమునకు నీరు తగ్గెనని నిజామాబాదు రైతులు దశాబ్దముల తరబడి మొఱపెట్టిరి. ఒకప్పుడు బీదరును దాటిపోయి నిజామాబాదును పండించిన నది, పిమ్మట నిజామాబాదును తగ్గించి నగరమును తడిపెను. బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతబడుటకు కారణములు పెక్కులు కలవు. నీటి కొఱత వానిలో లేదనుట కష్టము. నేడు కృష్ణయు, గోదావరియు నగరమునకు వచ్చుచున్నవి. అవియు ఏదో యొక జిల్లా వాకిటిమీదుగనే వచ్చుచున్నవని మఱవరాదు.

రాజధాని పక్షమున ఒక సమాధానము కలదు. దానిని న్యాయముగ వినవలెను. రాష్ట్రపు రాబడి రాజధానినుండియే వచ్చుచున్నది. దానిని బలహీనపఱచినచో జిల్లాలకు పంచుటకు ఏమియు మిగులదు అని వారందురు. కర్ణాటకపు ఉత్పత్తిలో మూడవవంతునకు మించినది బెంగుళూరు నగర జిల్లాదే యన్నమాట నిజము. హైదరాబాదు పరిసరముల సంగతియు ఇట్టిదే. కాని ఆ సంపద రాజధాని గాలిలో పుట్టినది కాదు. స్వీడను దేశపు అర్థశాస్త్రజ్ఞుడు గున్నార్ మిర్డాల్ 1957లోనే దీనిని వివరించెను. ఎదుగుచున్న కేంద్రము చుట్టుపట్లకు కొంత మేలును వెదజల్లును. అంతకుమించి అచటి యువకులను, పొదుపును, వ్యాపారమును తనవైపునకు లాగుకొనును. బజారును దానిమానాన విడిచిపెట్టినచో లాగుడే గెలుచునని ఆయన సిద్ధాంతము. వికారాబాదు హైదరాబాదునకు కూతవేటు దూరమున నుండియు అట్టడుగున నుండుట యీ సిద్ధాంతమునకు మన వాకిటనే దొరకు సాక్ష్యము.

ధనము కుమ్మరించుటయే మందని తలచువారును ఒక అనుభవమును చూడవలెను. ఇటలీ దేశము తన దక్షిణభాగమును ఉద్ధరించుటకు 1950లో ప్రత్యేక నిధిని స్థాపించి 1984 వరకు నడపెను. మొదట రోడ్లు, నీరు, భూసంస్కరణములపై చేసిన వ్యయము ఫలించెను. తరువాత స్థానిక వృత్తులతో సంబంధములేని బ్రహ్మాండమైన కర్మాగారములను తెచ్చి నిలిపిరి. అవి యెడారిలో కట్టిన దేవాలయములని ప్రజలు పరిహసించిరి. ఉత్తర దక్షిణముల యంతరము నేటికిని పోలేదు. స్థానికుల చేతిలోనికి పోని సొమ్ము కాంట్రాక్టరు వెంట రాజధానికే తిరిగిపోవునని దీని పాఠము. దీనికి మాఱుగా బీదరులోనే యొక మంచి యుదాహరణము కలదు. ఆ జిల్లా కేంద్ర సహకార బ్యాంకు 1990ల నుండి స్త్రీల స్వయంసహాయ సంఘములకు ఋణములిచ్చి దేశమున పేరొందెను. గ్రామమున కూడబెట్టిన సొమ్ము గ్రామముననే తిరుగుటకు అది మార్గము చూపెను. వెనుకబడిన జిల్లావారికి చేతగాదను మాటకు ఇది తగిన ప్రత్యుత్తరము.

ఇట్లు విచారించిన పిమ్మట మేము కోరునవి నాలుగు. మొదటిది: ప్రతి రాష్ట్రమును ఏటేట తాలూకావారీగా, మండలమువారీగా, ఎంత వెచ్చించెనో, ఏ సూచిక ఎంత మారెనో ప్రకటింపవలెను. నంజుండప్ప సంఘపు కొలత వాడి ఇరువది యేండ్లు దాటినది. కర్ణాటకము 2024లో ప్రొఫెసరు ఎం. గోవిందరావుగారి అధ్యక్షతన మఱియొక సంఘమును నియమించుట ముదావహము. తెలంగాణమునను, ఆంధ్రప్రదేశమునను అట్టి స్వతంత్ర సంఘములు మండలములను తూచవలసియున్నది. రెండవది: ఉద్యోగములలోను విద్యలోను స్థానికులకు ప్రత్యేకించిన స్థానములు అడుగునున్న పల్లెకు చేరవలెననినచో ముందు ఆ పల్లె పాఠశాలకు ఉపాధ్యాయుడు చేరవలెను. లేనిచో జిల్లా కేంద్రపు సంపన్నుని బిడ్డ ఆ స్థానమును పొంది, హుల్సూరు రైతు బిడ్డ చూచుచుండును. సగటు చేసిన మోసమునే రక్షణయు మరల చేసినట్లగును.

మూడవది: నదులకు, రోడ్లకు, రైళ్లకు భాష లేదు. 1956 శాసనమే మండల పరిషత్తులను, అనగా పొరుగు రాష్ట్రముల సంప్రదింపు సభలను, ఏర్పఱచెను. అందులో కర్ణాటకమును, తెలంగాణమును దక్షిణ పరిషత్తున నుండగా మహారాష్ట్రము పశ్చిమ పరిషత్తున నున్నది. కావున పూర్వపు బీదరు జిల్లాలోని మూడు ముక్కలును ఒకే పరిషత్తున లేవు. హుల్సూరు, ఉదగీరు, నారాయణఖేడు ప్రాంతములకు ఉమ్మడిగ మంజీరా నీటిని, ఆసుపత్రులను, బజారులను గూర్చి ఆలోచించు స్థాయీ సంఘమొకటి మూడు రాష్ట్రముల సమ్మతితో ఏర్పడవలెను. రోగి దగ్గఱనున్న ఆసుపత్రికి పోవును గాని, తన భాష మాటలాడు ఆసుపత్రిని వెదకుకొని పోడు. ప్రభుత్వపు వైద్యసహాయ పత్రము మాత్రము సరిహద్దువద్ద ఆగిపోరాదు.

నాలుగవది మన పాఠకులకే చెందినది. వైద్యులు, ఇంజనీర్లు, వకీళ్లు, ఆచార్యులు మనలో ఎందఱో జిల్లాలనుండి వచ్చినవారు. మారుమూల తాలూకాకు బదిలీ యైనంతనే దానిని శిక్షగా భావించి, రద్దు చేయించుకొనుటకు సచివాలయము చుట్టు తిరుగుట మన వర్గమునకు ఆచారమైనది. మనము పోనొల్లని చోట ప్రభుత్వము ఎన్ని భవనములు కట్టినను అవి తాళము వేసిన గదులుగనే యుండును. ప్రభుత్వము అట్టి చోట పనిచేయువారికి ఇల్లు, బిడ్డలకు బడి, అధిక వేతనము ఇచ్చి తీరవలెను. ఇచ్చిన పిమ్మట మనమును పోవుటకు సిద్ధపడవలెను. ఒకదానిని కోరి రెండవదానిని తప్పించుకొనుట న్యాయము కాదు.

ఒక రాష్ట్రము ఎంత ముందుకు పోయినదో తెలిసికొనుటకు దాని రాజధానిలోని మేడల ఎత్తు కొలుచుట అలవాటైపోయినది. మా లెక్క వేఱు. సరిహద్దుననున్న చివరి తాలూకాలో పదవ తరగతి ముగించిన బాలిక తరువాతి చదువునకు ఎంత దూరము పోవలసియున్నదో, ప్రసవవేదన పడు స్త్రీకి వైద్యురాలు ఎన్ని గడియలలో దొరకునో, వాన తప్పిన యేట రైతు ఊరు విడువక యుండగలడో లేడో విచారింపుడు. హుల్సూరు విషయమున ఈ ప్రశ్నలకు బెంగుళూరు బదులు చెప్పవలెను. నారాయణఖేడు విషయమున, కొడంగలు విషయమున, బదులు చెప్పవలసినది మన హైదరాబాదు.